ఒకే హాల్లో రెండు ఓణీలు

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను పెంచి చెప్పే మనిషిని. నేను చెప్పే ఏ అంకెనైనా మా పిల్లలు నాలుగుతో భాగించి వింటారు. మా ఆవిడ ఐదుతో భాగించి, అందులోంచి మళ్ళీ ఒకటి తీసేస్తుంది. కుంభవృష్టి అన్నానంటే తుంపర పడిందనీ, ప్రాణాల మీదికొచ్చింది అన్నానంటే ముక్కు కారుతోందనీ మా ఇంట్లో అందరికీ తెలుసు. ఇది చదివేవాళ్ళు కూడా ఒక పెన్సిలు పక్కన పెట్టుకుని, అనుమానం వచ్చిన చోటల్లా గీత కొట్టుకుంటూ వెళ్ళవచ్చు. నాకేం అభ్యంతరం లేదు.

కానీ పెంచడం వేరు, కల్పించడం వేరు. పెంచేవాడి దగ్గర అసలు సరుకు కొంతైనా ఉంటుంది. కల్పించేవాడి దగ్గర అదీ ఉండదు. నేను జన్మలో కల్పించి చెప్పింది బహు తక్కువ. ఇందులో ఒకటుంది. ఎక్కడన్నది మీ పెన్సిలుకి దొరుకుతుందేమో చూడండి.

మెల్‌బోర్న్‌లో నేను చదివింది ఎక్స్‌రేలు తీసే చదువు. నాలుగేళ్ళ కోర్సు. ఆ రోజుల్లో మనవాళ్ళ పిల్లలు వస్తే అకౌంటింగ్‌కి రావాలి, లేదా కంప్యూటర్లకి రావాలి. ఊరి శివార్లలో వెర్రిబీ అనే చోట మేం ఏడుగురం ఒక ఇల్లు తీసుకుని ఉండేవాళ్ళం (ఈ ఏడుని భాగించకండి, నిజంగానే ఏడుగురం, బాత్రూము మాత్రం ఒకటే). అందులో ఆరుగురు అకౌంటెంట్లు కాబోతున్నవాళ్ళు.

"ఎక్స్‌రేకి నాలుగేళ్ళేంట్రా? బటన్ నొక్కడమేగా?" అనేవాళ్ళు.

"మూడేళ్ళు బటన్ ఎక్కడుందో వెతికిస్తారు. నాలుగో ఏడు నొక్కిస్తారు," అనేవాణ్ణి.

ఇంట్లో నాకున్న విలువ అంతే. వీధిలో మాత్రం అలా కాదు. ఆసుపత్రి గడప తొక్కినవాడెవడైనా మనవాళ్ళకి డాక్టరే. ఎవరింట్లో భోజనాలకి వెళ్ళినా నా పళ్ళెంలో పప్పు పడేలోగా పదిహేను మోకాళ్ళు, ఎనిమిది నడుములు నా ముందుకొచ్చేవి. "కొంచెం చూడు బాబూ, ఇక్కడ పట్టేస్తోంది" అని. నేను చూసేవాణ్ణి. కళ్ళు చిన్నవి చేసి, గడ్డం నిమురుకుంటూ, "ఊఁ, వాపు లేదు" అనేవాణ్ణి. వాపు లేదని అనడానికి డిగ్రీ అక్కర్లేదు. అలా అన్నందుకు రెండు పెరుగు గారెలు ఎక్కువ వచ్చేవి. పొగడ్తకి నేను ఎంత ఖరీదులో దొరికేవాణ్ణో మీకు అర్థమై ఉంటుంది.

మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక ఆంటీ ఉండేది. మాది కృష్ణా జిల్లా, ఆవిడదీ అదే. భర్త సిటీలో కంప్యూటరు ఉద్యోగం. ఆవిడ చైల్డ్‌కేర్ వంటింట్లో పనిచేసేది. ఇద్దరు ఆడపిల్లలు. ఆదివారం వచ్చిందంటే మా ఏడుగురికీ సరిపడా ఏదో ఒకటి డబ్బాలో పెట్టి తెచ్చేది. పులిహోర డబ్బా పట్టుకుని ఆవిడ గుమ్మంలో నిలబడితే లోపల ఆరు సోఫాలు ఒకేసారి ఖాళీ అయ్యేవి. (సోఫాలు రెండే.)

ఆవిడ ఇంటి వేడుక ఒకటి నేను వచ్చిన కొత్తలో జరిగింది. ఊళ్ళోని కమ్యూనిటీ హాలు. పెద్దమ్మాయి పెద్దమనిషి అయింది. దానికి ఓణీల ఫంక్షన్. కుర్చీలు వెయ్యడానికి మమ్మల్ని పిలిచారు. నేనొక్కణ్ణే నాలుగు వందల కుర్చీలు మోశాను. వేదిక మీద చూస్తే ఇద్దరు అమ్మాయిలు, రెండు పట్టు లంగాలు, రెండు ఓణీలు. చిన్నదానికి పదకొండేళ్ళు. కూర్చోబెట్టినంతసేపు కూర్చుని, వదలగానే ఆ పట్టు లంగా మోకాళ్ళదాకా ఎత్తిపట్టుకుని బల్లల కింద దూరి ఆడుకుంది. వచ్చిన ఆడవాళ్ళు "ఇద్దరికీ ఒకేసారి చేసేశావా, మంచి పని చేశావమ్మా" అంటూ అక్షింతలు వేశారు. ఒకసారి హాలు దొరకడమే కష్టం, ఇండియా నుంచి వచ్చిన తన తల్లికి వీసా మళ్ళీ వస్తుందో రాదో, రెండోసారి ఈ హడావిడి ఎవరు పడతారని ఆంటీ ఎవరితోనో అంటూ ఉంది. ఆ వయసు మగపిల్లాడికి ఇలాంటి ఫంక్షన్ల గురించి తెలిసిందల్లా వడ్డన ఎప్పుడు మొదలవుతుందన్నదే. ఇద్దరికీ ఓణీలు వేశారు కాబట్టి ఇద్దరూ పెద్దవాళ్ళయ్యారనుకున్నాను. తిన్నాను, వచ్చేశాను.

రెండేళ్ళు గడిచాయి. నేను మూడో ఏడులోకి వచ్చాను. ఆ చిన్నమ్మాయికి పదమూడు. స్కూల్లో ఈత జట్టులో ఉండేది. ఒకరోజు కోచ్ వెనక నుంచి చూసి, కుడి భుజం ఎముక ఎడమదానికంటే పైకి పొడుచుకొచ్చిందని గమనించింది. ఇంటికి చీటీ పంపింది. దగ్గర్లోని డాక్టరు చూసి వెన్నెముక పక్కకి వంగుతోంది, స్కోలియోసిస్ అని చెప్పి, నేను ట్రైనింగులో ఉన్న ఆసుపత్రికే రాశాడు. పెద్దాసుపత్రిలో వెన్నెముకల క్లినిక్ వారానికి ఒకసారి ఉండేది.

ఆంటీ ఆ ఉత్తరం పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"బాబూ, నువ్వెప్పుడుంటావో ఆ రోజే వెయ్యమని అడిగాను. ఇదిగో, తెలుగులో చెప్పేవాళ్ళు కావాలా అని ఇందులో అడిగారు, వద్దని గీత కొట్టాను."

"ఎందుకాంటీ, పెట్టించుకోవాల్సింది. ఫ్రీ కదా."

"ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళతో ఆడపిల్ల సంగతులెందుకు నాన్నా? మన డాక్టరు నువ్వుండగా!"

మన డాక్టరు. ఆ మాటకి నేను ఆరడుగులైపోయాను. (ఐదడుగుల నాలుగు.)

ఇక్కడ కొంచెం చదువు చెప్పాలి. ఓపిక పట్టండి, నాకు ఖచ్చితంగా తెలిసిన విషయం ఇదొక్కటే.

వంగిన వెన్నెముకతో పదమూడేళ్ళ పిల్ల వస్తే, ఎంత వంగింది అన్నది సగం ప్రశ్నే. మిగతా సగం, ఈ పిల్ల ఇంకా ఎంత ఎదుగుతుంది అన్నది. ఎదుగుదల అయిపోయి ఉంటే ఆ కాస్త వంపు సాధారణంగా అక్కడే ఆగిపోతుంది. ఎదుగుదల మిగిలి ఉంటే పిల్లతోపాటు వంపూ ఎదుగుతుంది. ఒంటికి బిగించే ప్లాస్టిక్ బ్రేస్ ఒకటుంది. అది వంపుని ఆపేది కూడా ఎదిగేటప్పుడే. ఎదుగుదల ఆగాక తొడిగితే చొక్కా కింద ఉక్కపోత తప్ప ఇంకేం ఉపయోగం లేదు. అందుకని పిల్ల వయసు పుట్టినరోజులో చూడరు, ఎముకలో చూస్తారు.

బిందె ఆనించుకునే చోట, నడుముకి పక్కన చేతికి తగిలే ఎముక, తుంటి ఎముక, ఉంటుంది కదా. ఎదిగే వయసులో దాని పై అంచున కొత్త ఎముక పొర ఒకటి, బయటి కొస నుంచి లోపలికి, చీరకి ఫాల్ కుట్టినట్టు మెల్లిగా వస్తుంది. మొదలే కాకపోతే సున్నా. ఆ చివరిదాకా వచ్చి అతుక్కుపోతే ఐదు. ఆ అంచు సరిగా కనిపించకపోతే ఎడమచెయ్యి ఎక్స్‌రే తీస్తారు. వేలి ఎముకల కొసల దగ్గర సన్నటి నల్లటి సందులు కనిపిస్తే ఇంకా ఎదుగుతోందని. పూడుకుపోతే అయిపోయిందని. వీటితోపాటు ఆడపిల్లనైతే నెలసరి ఎప్పుడు మొదలైందని అడుగుతారు. మొదలై రెండేళ్ళయిందంటే ఎదుగుదల దాదాపు అయిపోయినట్టే. ఈ పాఠాలు నాకు నోటికి వచ్చు. ఆ ఏడాది పదివేల చేతుల ఎక్స్‌రేలు చూసి ఉంటాను. ఎదురుగా ఎవరైనా చెయ్యి ఊపితే నమస్కారం చెయ్యడానికి బదులు వయసు చెప్పేవాణ్ణి.

ఆ రోజు ఎక్స్‌రే గదిలో అమ్మాయిని గౌనులో నిలబెట్టాను. మా సూపర్‌వైజరు, ఆడమనిషే, తాటిచెట్టంత ఎత్తు, చేతులు కట్టుకుని వెనక నిలబడింది. ఆంటీ గాజు అద్దం వెనక నుంచి తల బయటికి పెట్టింది.

"బాబూ, పొట్ట మీద ఏదన్నా కప్పు నాన్నా. రేపు పెళ్ళి కావాల్సిన పిల్ల, ఆ కిరణాలు తగలకూడదు."

కప్పడానికి సీసపు షీల్డు ఒకటి ఉంటుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా లెక్క ఉంది. కింద పెట్టాలి, తుంటి ఎముక పై అంచుకి అడ్డం రాకూడదు. నేను సరిగ్గానే పెట్టాను. ఆంటీ "ఇంకొంచెం పైకి" అంది. ఒక వేలు జరిపాను. "ఇంకాస్త నాన్నా." ఇంకో రెండు వేళ్ళు. రెండేళ్ళ పులిహోర ఉంది నా ఒంట్లో. కాదనలేకపోయాను.

"మమ్, ఇట్స్ ఫైన్!" అంది అమ్మాయి, తల కూడా తిప్పకుండా. ఆ పిల్లకి తెలుగంతా అర్థమవుతుంది. నోరు విప్పితే మాత్రం ఇంగ్లీషే.

ఫిల్ము వచ్చింది. వెన్నెముక మొత్తం చక్కగా పడింది, ఇరవై ఏడు డిగ్రీల వంపు. నడుము దగ్గర రెండు పక్కలా తెల్లటి పలక. తుంటి ఎముక అంచు రెండువైపులా దాని కిందే ఉండిపోయింది.

సూపర్‌వైజరు లైటు బాక్సు ముందు నిలబడి పెద్ద శ్వాస తీసుకుంది. "డాక్టరుకి కావాల్సింది ఒక్కటే. అదొక్కటే కప్పిపెట్టావు."

"మళ్ళీ తీద్దామా?"

"పిల్లకి మళ్ళీ కిరణాల డోసు ఇస్తావా? వద్దు. ఆయన అవసరమనుకుంటే చెయ్యి తీయమంటాడు. ఐదు నిమిషాల పని. పట్టుకెళ్ళు."

ఫిల్ము పట్టుకుని డాక్టరు గదికి వెళ్ళాను. ఆయన పెద్దమనిషి, నిదానంగా మాట్లాడేవాడు. విద్యార్థుల్ని కసురుకోడు. ఆయన అమ్మాయిని ముందుకి వంచి వెన్ను చూసి, బట్టలు మార్చుకోమని పంపించాడు. ఆ పిల్ల బట్టలు ఎక్స్‌రే గది పక్కన గదిలో ఉన్నాయి. వెళ్ళింది. గదిలో ఆంటీ, ఆయన, నేను మిగిలాం.

ఆయన ఫిల్ము లైటు బాక్సుకి తగిలించి, ఆ తెల్ల పలక మీద వేలితో రెండుసార్లు తట్టాడు. నా చెవులు కాలాయి.

"సరే. నెలసరి మొదలైందా, మొదలైతే ఎప్పుడు? అమ్మని అడుగు మేట్. లేకపోతే ఫోన్లో ఇంటర్‌ప్రెటర్ని పిలుస్తాను. సందేహముంటే చెయ్యి తీద్దాం," అంటూ ఆయన రిసీవరు మీద చెయ్యి వేశాడు.

నేను ఆంటీ వైపు తిరిగాను. ఇరవై రెండేళ్ళ వెధవని, అమ్మలాంటి మనిషిని ఆ మాట ఎలా అడగాలి? "ఆంటీ, అదీ... చిన్నమ్మాయికి... ఎప్పుడు..." అని నసిగాను.

ఆంటీ తల దించుకుని హ్యాండ్‌బ్యాగు జిప్పు లాగుతూ, "అదే బాబూ. హాల్లో చేశాం కదా. నువ్వూ వచ్చావుగా, భోంచేశావుగా," అంది.

"రెండేళ్ళ క్రితం," అన్నాను డాక్టరుతో, ఇంగ్లీషులో, స్పష్టంగా.

ఆయన రిసీవరు మీద నుంచి చెయ్యి తీసేశాడు. రాసుకున్నాడు. ముఖం తేలికపడింది. "అయితే ఎదుగుదల దాదాపు అయిపోయినట్టే. ఈ వంపుకి బ్రేస్ అక్కర్లేదు. చెయ్యి కూడా అక్కర్లేదు. ఏడాది తర్వాత చూద్దాం."

అమ్మాయి జడ వేసుకుంటూ లోపలికొచ్చింది. బ్రేస్ లేదని డాక్టరు చెప్పగానే "యెస్!" అని పిడికిలి పైకెత్తింది. ఆ వారంలోనే ఈత పోటీలున్నాయట. ఆంటీ నా వైపు చూసి దణ్ణం పెట్టినంత పని చేసింది. ఆ ఆదివారం డబ్బాలో పులిహోరకి తోడు పూర్ణాలు కూడా వచ్చాయి. పదహారు తిన్నాను. ఈ పదహారు మీద గీత కొట్టకండి.

ఆ ఏడాది ఆ పిల్ల ఎదిగింది. ఎలా ఎదిగిందంటే, సంక్షిప్తంగా చెబుతాను, నాకు ఇక్కడ పెంచి చెప్పబుద్ధి కావడం లేదు. నాలుగంగుళాలు. వీధిలో ఎదురైతే ఆంటీ మురిసిపోతూ "చూశావా బాబూ, అక్కని దాటేసింది" అనేది. నేను "అబ్బో" అనేవాణ్ణి. నేను చదివింది దేని గురించి? ఎదిగే పిల్లల ఎముకల గురించి. ఎదుగుదల అయిపోయిందని నా నోటితో చెప్పిన పిల్ల నా కళ్ళ ముందు నాలుగంగుళాలు పెరిగింది. నేను అబ్బో అన్నాను.

ఏడాది తర్వాత అదే క్లినిక్. నాలుగో ఏడు కాబట్టి సూపర్‌వైజరు వెనక నిలబడడం మానేసింది. వెన్ను ఫిల్ము నేనే తీశాను, ఈసారి షీల్డు కింద పెట్టాల్సిన చోట పెట్టి. నలభై ఎనిమిది డిగ్రీలు. కొలతలో తప్పుందేమోనని మూడుసార్లు గీత గీశాను. మూడుసార్లూ అంతే వచ్చింది. తుంటి ఎముక అంచు మీద కుట్టు ఇప్పుడిప్పుడే బయటి కొసన మొదలైంది. డాక్టరు కబురు పంపాడు, ఎడమచెయ్యి కూడా తియ్యమని. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. వేళ్ళ కొసల దగ్గర ఆ నల్లటి సందులు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

రెండు ఫిల్ములూ పట్టుకుని గదిలోకి వెళ్ళేసరికి డాక్టరు ఇంటర్‌ప్రెటర్ని పిలిచేసి ఉన్నాడు. ఎవర్నీ అడగలేదు. ఫోను స్పీకర్లో తెలంగాణ ఆడమనిషి గొంతు. ఏ పెర్త్ నుంచో మాట్లాడుతోంది, వెనకాల కుక్కర్ విజిలు.

"నమస్తే అమ్మా. మీ బిడ్డకు నెలసరి ఎప్పుడు మొదలైందని డాక్టరు సార్ అడుగుతున్నరు."

ఆంటీ తడుముకోలేదు. "మొన్న స్కూలు సెలవుల్లో అయిందమ్మా. నాలుగు నెలలవుతోంది."

డాక్టరు కాగితాలు వెనక్కి తిప్పాడు. "పోయినేడు అమ్మ చెప్పిందని రాసుకున్నాను, అప్పటికే రెండేళ్ళయిందని." ఫోనులోని గొంతు అది తెలుగులో చెప్పింది.

"నేనా? నేనెప్పుడన్నాను?" ఆంటీ ఫోను వైపు వంగింది, అందులో మనిషి కూర్చున్నట్టు. "హాల్లో చేసింది పెద్దదానికమ్మా. ఒక ఖర్చులో పోతుందని దీనికీ ఓణీ వేసేశాం. అప్పటికి ఇదింకా చిన్నపిల్ల!"

తర్వాత ఆవిడ నా వైపు తిరిగింది. నేను లైటు బాక్సు వైపు తిరిగాను.

డాక్టరు తల్లీకూతుళ్ళిద్దరికీ చెప్పాడు, ఒక్కో వాక్యం ఆగి ఆగి, ఫోను తెలుగులో చెప్పేదాకా. బ్రేస్ దశ దాటిపోయింది. ఇంకా ఎదుగుదల ఉంది కాబట్టి ఇంకా వంగుతుంది. ఆపరేషన్ చెయ్యాలి. రెండు కడ్డీలు, మరలు. అమ్మాయి అంతా విని, ఎవరివైపూ చూడకుండా, "నోబడీ ఆస్క్‌డ్ మీ," అంది. పోయినేడు గది దాటి పది అడుగుల దూరంలో జడ వేసుకుంటూ ఉన్న పిల్ల. నిజమే. ఎవ్వరం అడగలేదు.

దీని మీద నేను చాలాకాలం ఒక సిద్ధాంతం చెబుతూ తిరిగాను. తెలిసినవాడి ముందు సిగ్గు, తెలియనివాళ్ళ ముందు ధైర్యం. ఎక్కడో కుక్కర్ పెట్టుకుని కూర్చున్న పరాయి మనిషికి ఆంటీ గుక్కతిప్పుకోకుండా చెప్పేసిన మాట, తన చేతి ముద్ద తిన్న కుర్రాడికి చెప్పలేక ఫంక్షన్ చాటున దాక్కుంది అని. మనవాళ్ళు ఆసుపత్రికి మనవాణ్ణి తీసుకెళ్ళడమే తప్పు అని. నేను ఇప్పుడు పనిచేసే చోట కొత్తగా వచ్చే విద్యార్థులకి ఇది కథలా చెబుతాను. బాగా చెబుతాను. ముక్కున వేలేసుకుంటారు.

వెర్రిబీలో ఆ వార్త పాకడానికి ఒక్క వారం చాలింది. పార్కులో మనవాళ్ళ బార్బెక్యూ ఒకటి జరిగింది. నేను చికెన్ ముక్కలు తిప్పుతున్నాను. వెనక బల్ల దగ్గర ఆడవాళ్ళ మాటలు.

"తల్లే తప్పు చెప్పిందటమ్మా డాక్టరుకి."

"పెద్దమనిషి కాని పిల్లకి ఫంక్షన్ చేసిందిగా, అప్పుడే అయిందని చెప్పకపోతే పరువు పోదూ?"

"పరువు కోసం పిల్ల నడుము బలిపెట్టింది."

నేను ముక్క తిప్పాను. మాడిపోయింది. ఇంకోటి వేశాను.

అంకుల్ సౌమ్యుడు. గట్టిగా మాట్లాడడం ఎప్పుడూ వినలేదు. ఆపరేషన్‌కి ముందు ఒకరోజు నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆయన భార్యతో నా ఎదుటే అన్నాడు. "ఒక్క మాట. ఒక్క మాట సరిగ్గా చెప్పలేకపోయావు." ఆవిడ గిన్నెలు కడుగుతూ ఉంది. కడగడం ఆపలేదు.

ఆయన లోపలికి వెళ్ళాక నీళ్ళు కట్టేసి నా దగ్గరికి వచ్చింది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ నెమ్మదిగా అడిగింది.

"బాబూ, నిజం చెప్పు. ఆ రోజు నేను అన్నానా అలా? నాకేమీ గుర్తు రావడం లేదు. రోజూ గుర్తు తెచ్చుకుందామని చూస్తున్నాను. నువ్వున్నావుగా. అన్నానా?"

"అన్నారాంటీ," అన్నాను. "హాల్లో చేశాం కదా, నువ్వూ వచ్చావుగా అన్నారు. కంగారులో మర్చిపోయి ఉంటారు. ఎవరికైనా జరుగుతుంది. మీ తప్పేం లేదు."

ఆవిడ తలాడించింది. "అనే ఉంటాన్లే," అంది. "ఆ రోజు ఒళ్ళు తెలియలేదు నాకు."

ఆపరేషన్ బాగానే అయింది. మంచి డాక్టరు. అమ్మాయి నిటారుగా నడిచింది, ముందుకంటే ఇంకో అంగుళం పొడుగై. మళ్ళీ నీళ్ళలోకి దిగింది కూడా. కానీ కొలను చివరికి వచ్చి గోడ దగ్గర నీళ్ళలోనే పల్టీ కొట్టి వెనక్కి తిరుగుతారు చూడండి, దానికి ఇంక నడుము మునుపటిలా వంగలేదు. చేత్తో గోడ పట్టుకుని ఆగి తిరగాల్సి వచ్చేది. ఒక సీజను అలా ఈది, జట్టు వదిలేసింది. నేను డిగ్రీ పుచ్చుకుని ఉద్యోగానికి వేరే రాష్ట్రం వెళ్ళిపోయాను. వెళ్ళేముందు ఆంటీ దారిలో తినడానికి డబ్బా కట్టి ఇచ్చింది. తీసుకున్నాను.

ఇప్పుడు కల్పించిన భాగం.

కుర్చీలూ, సోఫాలూ, నా ఎత్తూ మీకు వదిలేస్తున్నాను, ఎంతకి కావాలంటే అంతకి తగ్గించుకోండి. కల్పించింది ఒక్క మాట. హ్యాండ్‌బ్యాగు జిప్పు లాగుతూ ఆంటీ అన్న మాట. ఆవిడ అనలేదు. నేను అడగలేదు. నేను ఆవిడ వైపు తిరగనే లేదు.

డాక్టరు "అమ్మని అడుగు మేట్" అని రిసీవరు మీద చెయ్యి వేసినప్పుడు, ఆ తెల్ల పలకని ఆయన వేలితో తట్టిన చప్పుడు ఇంకా నా చెవిలో ఉంది. ఏదో ఒకటి తెలిసినవాడిలా కనిపించాలి అప్పుడు నాకు. ఆయన ఆ నంబరు నొక్కేలోపు చెప్పాలి. "అడగక్కర్లేదు, రెండేళ్ళ క్రితం, మాలో దానికి ఫంక్షన్ చేస్తారు, నేను వెళ్ళాను," అన్నాను ఇంగ్లీషులో. ఆయన "గుడ్" అని, ఫారంలో 'తల్లి చెప్పినది' అన్న గడిలో రాసుకున్నాడు. ఆయన కలం కదులుతుండగా ఆంటీ నా మోచెయ్యి పట్టుకుని అడిగింది.

"ఏమంటున్నాడు బాబూ?"

"ఏం లేదాంటీ," అన్నాను. "పిల్ల బాగానే ఎదిగిందంటున్నాడు."